కప్పు జరిగే గదికి స్తుతి

ఎండ తగలకుండా, వాన కురవకుండా మనిషి ఇంటికి కప్పు వేసుకున్నాడు. వేసుకున్న కప్పును చీకటి పడగానే చక్రాల మీద పక్కకు నెట్టి, ఆకాశాన్ని లోపలికి రమ్మనేవాళ్లు ఏ ఊళ్లోనైనా ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్లు కట్టుకున్న గదీ, నీకు దండం.

నువ్వు పెద్దదానివేం కాదు. మేడ మీద నీళ్ల ట్యాంకుకు అటుపక్క, బట్టలారేసే తీగకు ఇటుపక్క, పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. ఛాతీ ఎత్తు గోడలు. పైన రేకుల కప్పు, దాని కింద ఇనప చానల్, చానల్లో గేటు చక్రాలు. నీకు కిటికీ లేదు, అలమర లేదు, మంచం లేదు. వీధిలోంచి చూసినవాళ్లు పావురాల గూడనుకుంటారు, కొందరు జనరేటర్ గదనుకుంటారు. "అందులో ఏముందండీ?" అని ఎవరైనా అడిగితే ఇంటివాళ్లు తడుముకుంటారు. ఉన్నవల్లా ఒక స్తంభం, ఒక గొట్టం, ఒక కెమెరా. తక్కినదంతా పైన ఉంది.

అంగపూజ పాదాల దగ్గర మొదలవుతుంది. నీకూ అక్కడే మొదలుపెడతాను.

నీ పాదం స్తంభం. శ్లాబు నడిమధ్యన దాన్ని నిలబెడితే కింది గదిలో ఎవరో తలుపు వేసినా పైన నక్షత్రం వణుకుతుంది. అందుకని తెలిసిన మేస్త్రీ ముందుగా ఇంటి పిల్లరెక్కడుందో వెతుకుతాడు. దూలాలు రెండూ కలిసేచోట, పునాది దాకా దిగిన పిల్లర్ నెత్తిన చువ్వలు కట్టి కాంక్రీటు పోస్తాడు. చుట్టూ చెక్కల నేల వేరుగా వేస్తాడు. ఆ నేలకూ స్తంభానికీ మధ్య రెండు వేళ్ల సందు వదులుతాడు. నడిచేవాడి అడుగు నేలకే తెలియాలి, స్తంభానికి తెలియకూడదు. ఇంట్లో అందరూ తిరుగుతారు, మెట్లెక్కుతారు, మిక్సీ వేస్తారు, పెళ్లికి డప్పులు మోగిస్తారు. ఆ రెండు వేళ్ల సందుకు ఇవతలే అదంతా ఆగిపోవాలి. ఇంటి మీద నిలబడి ఇంటి సందడి అంటని స్తంభమా, నీకు దండం.

ఇంత పట్టింపు ఎందుకంటే లెక్క చాలా సన్నం. అర మీటరు నాభ్యంతరం ఉన్న చిన్న టెలిస్కోపుకు ఇవాళ్టి కెమెరా ఒకటి తగిలిస్తే, అందులో ఒక్కో పిక్సెల్ వాటాకు వచ్చే ఆకాశం సుమారు ఒకటిన్నర ఆర్క్‌సెకన్లు. ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల ఆకాశం సెకనుకు 15 ఆర్క్‌సెకన్లు జరిగిపోతుంది. అంటే ఊరికే వదిలేస్తే నక్షత్రం సెకనులో పదోవంతుకల్లా ఒక పిక్సెల్ దాటి పక్కదాంట్లోకి వెళ్తుంది. చుక్క గీత అవుతుంది. అయిదు నిమిషాల పాటు చుక్కను చుక్కగానే ఉంచాలంటే భూమి ఎంత తిరిగితే అంత, ఎదురు దిక్కున, తొణక్కుండా తిరగాలి.

ఆ తిరిగేది నీ నడుము. దాని పేరు మౌంట్. భూమి ఇరుసుకు సమాంతరంగా దాని ఇరుసు, భూమి వేగంతో దాని వేగం. నక్షత్రాల లెక్కన ఒక చుట్టు పూర్తికావడానికి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు. గడియారపు రోజుకన్నా దాదాపు నాలుగు నిమిషాలు తక్కువ. అందుకే నిన్న తొమ్మిదికి పొడిచిన చుక్క ఇవాళ తొమ్మిదికి నాలుగు నిమిషాల ముందే పొడుస్తుంది, నెల తిరిగేసరికి రెండు గంటలు ముందుకొస్తుంది. మౌంట్ పక్కన బుల్లి గొట్టం ఇంకొకటి ఉంటుంది. దాని పని ఒకే ఒక్క నక్షత్రం మీద కన్నేసి ఉంచడం. అది వెంట్రుకవాసి జరిగినా మోటారుకు చెప్పి సరిచేయించడం. రాత్రంతా రెండు మూడు సెకన్లకోసారి తప్పు దిద్దుకుంటూ సాగే నడుమా, నీకు దండం.

ఇరుసును ధ్రువానికి గురిపెట్టాలి. ఎవరి ఊరి అక్షాంశం ఎంతో వారి ధ్రువుడి ఎత్తు అంత. విశాఖలో 17.7 డిగ్రీలు, హైదరాబాదులో 17.4, విజయవాడలో 16.5, తిరుపతిలో 13.6. మన ధ్రువుడు దిగువన ఉంటాడు. పక్కింటివాళ్లు ఇంకో అంతస్తు లేపితే కనుమరుగవుతాడు. పైగా ఆయన కూడా కచ్చితంగా ధ్రువబిందువులో లేడు. దానికి సుమారు మూడింట రెండు వంతుల డిగ్రీ ఎడంగా ఉండి రోజుకో చిన్న చుట్టు చుడతాడు. కదలడని పేరు మోసినవాడూ కదులుతూనే ఉన్నాడు. అయినా మనకు ఉత్తరం తగ్గినంత దక్షిణం పెరిగింది. అగస్త్య నక్షత్రం చలికాలపు రాత్రుల్లో మన పిట్టగోడ మీదుగా ధగధగ నడిచిపోతుంది. లక్షల నక్షత్రాలు ముద్దగా కూడిన ఒమేగా సెంటారీ వేసవిలో హైదరాబాదుకు 25 డిగ్రీల ఎత్తుదాకా లేస్తుంది. లండను మేడల మీద ఇవి రెండూ ఎన్నడూ ఉదయించవు. దక్షిణపు వాకిలి తెరిచి ఉంచిన అక్షాంశమా, నీకు దండం.

నడుము పైన గొట్టం, గొట్టం చివర కన్ను.

మనిషి కన్ను వెలుగును దాచుకోలేదు. సెకనులో చిన్న వంతు సేపు పట్టుకుని వదిలేస్తుంది, మళ్లీ కొత్తగా చూస్తుంది. పైగా చీకట్లో దానికి రంగు తెలియదు. ఒరాయన్ నీహారికను ఎంత మంచి టెలిస్కోపులోంచి చూసినా చాలామందికి బూడిదరంగు పొగలాగే కనిపిస్తుంది. కెమెరా కన్ను అలా కాదు. అయిదు నిమిషాలు తెరిస్తే అయిదు నిమిషాల వెలుగునూ ఉంచుకుంటుంది. వేడి దానికి శత్రువు. వేడికి పుట్టే ఎలక్ట్రానుకూ వెలుగుకు పుట్టే ఎలక్ట్రానుకూ తేడా దానికి తెలియదు. అందుకని మే నెల రాత్రి మేడ మీద 30 డిగ్రీల ఉక్కలో మనిషి చెమటలు కక్కుతుంటే, అది మాత్రం తన సెన్సరును సున్నాకు పది డిగ్రీల కింద ఉంచుకుంటుంది. చలికాలంలో ఒరాయన్ నుంచి 1,300 ఏళ్ల కిందట బయలుదేరిన వెలుగైనా, వేసవిలో ఒమేగా సెంటారీ నుంచి 17,000 ఏళ్ల కిందట బయలుదేరిన వెలుగైనా ఒక్కటొక్కటిగా లెక్కపెట్టుకుంటుంది. ఒరాయన్ వెలుగు బయలుదేరిన నాడు వేంగిని తూర్పు చాళుక్యులు ఏలుతున్నారు. ఇవాళ అది మన మేడ మీద, అరచేతి వెడల్పు కూడా లేని గాజుబిళ్లలోకి దిగింది.

దిగిన వెలుగులో ఎరుపు ఒకటుంది. హైడ్రోజన్ ఎరుపు. 656.3 నానోమీటర్లు. మేడ మీది ఫోటోగ్రాఫర్లు ఆ ఒక్క రంగునే దాటనిచ్చే ఫిల్టర్ బిగించి రాత్రులకు రాత్రులు కూర్చుంటారు. ఆ ఎరుపుకు తెలుగునేలతో పాత చుట్టరికం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన మీదుగా సాగింది. ఫ్రాన్సు నుంచి పియెర్ జాన్సెన్ గుంటూరు వచ్చి, నల్లటి సూర్యుడి అంచున లేచిన జ్వాలలను వర్ణపటదర్శినితో చూశాడు. గీతలు ప్రకాశంగా, విడివిడిగా కనిపించాయి. మండుతున్నది వాయువని, అందులో హైడ్రోజన్ ప్రధానమని తేలింది. అంత కాంతిగల గీతలను చూడడానికి గ్రహణమే ఉండనక్కర్లేదని ఆయనకు తోచింది. మర్నాడు పట్టపగలు, గ్రహణం లేకుండానే, ఆ జ్వాలలను గుంటూరులోనే మళ్లీ చూశాడు. వెలుగునంతా వదిలేసి ఒక్క రంగును పట్టుకుంటే చాలుననే ఉపాయం అక్కడ పనిచేసింది. నేటి ఫిల్టర్ చేసే పనీ అదే. గ్రహణం రోజునే గుంటూరులో మేజర్ టెనెంట్ బృందం దాన్ని గాజుపలకల మీద ఫోటోలు తీసింది. పలక తడిగా ఉండగానే మందు పూయాలి, వెలుగు చూపాలి, కడగాలి. గ్రహణం పూర్తిగా పట్టిన సమయం అయిదు నిమిషాలు దాటి కొంచెం. తడి ఆరేలోగా సూర్యుణ్ణి పట్టిన గుంటూరు ఎండా, నీకు దండం.

ఆకాశపు ఫోటో మొదటినుంచీ ఇళ్లలో పెరిగిన బిడ్డే. 1880 సెప్టెంబరు 30న ఒరాయన్ నీహారిక తొలి ఫోటో తీసినవాడు హెన్రీ డ్రేపర్ అనే వైద్యుడు. హడ్సన్ నది ఒడ్డున, తన కుటుంబపు స్థలంలో సొంతంగా కట్టుకున్న వేధశాలలో 11 అంగుళాల టెలిస్కోపుతో 51 నిమిషాలు ఆగి తీశాడు. మూడేళ్లకు ఇంగ్లండులో ఆండ్రూ ఏన్స్‌లీ కామన్ లండను దగ్గరి ఈలింగులో, తన ఇంటి తోటలో, 36 అంగుళాల అద్దంతో అదే నీహారికను తీస్తే కంటికి ఎన్నడూ ఆనని నక్షత్రాలు పలక మీద పడ్డాయి. ఆయన వృత్తి పారిశుద్ధ్య ఇంజనీరింగ్. పగలు మురుగు కాలువల లెక్కలు, రాత్రి నీహారికలు. మనిషి చూడలేనిది ఫోటో చూడగలదని లోకానికి చూపినది ఒక ఇంటి పెరడు.

మన ఇళ్లూ వెనకబడలేదు. 1840లో విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు తన సొంత ఆవరణలో వేధశాల పెట్టాడు. మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ దగ్గర విద్య నేర్చుకుని వచ్చిన మనిషి. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని ఎత్తుకున్నాడు. డాబా గార్డెన్స్‌లోని ఆ ఇంటినుంచి 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం గమనించి, ఆ లెక్కలు లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపాడు. ఆ పేట గుండా ఇవాళ బస్సులు పోతుంటాయి, నియాన్ బోర్డులు వెలుగుతుంటాయి. మామ కట్టినదాన్ని అల్లుడు మూసేయలేదు, నాలుగు గజాల మేరను ఆకాశానికే వదిలాడు. ఒక తరం కోరిక తర్వాతి తరానికి బాధ్యత కావడం ఏ సొసైటీ బంగారు పతకానికీ తీసిపోదు.

హైదరాబాదులోనూ ఒక ఇంటి కథే. నవాబ్ జఫర్ జంగ్ 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు తెప్పించి 1901లో ఫిసల్‌బండాలోని తన ఎస్టేటులో వేధశాల పెట్టుకున్నాడు. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని స్వీకరించింది. అదే నిజామియా వేధశాల. తర్వాత అది బేగంపేటకు చేరింది. ఆకాశమంతటినీ ముక్కలు ముక్కలుగా ఫోటోలు తీయాలని ప్రపంచపు వేధశాలలు పంచుకున్న మహాపటంలో మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల పట్టీ హైదరాబాదు వాటాకు వచ్చింది. 8 అంగుళాల ఫోటో టెలిస్కోపుతో ఏళ్ల తరబడి పలకలు తీసి, నక్షత్రం వెంట నక్షత్రం కొలిచి, లక్షల నక్షత్రాల జాగాలు సంపుటాలుగా అచ్చువేశారు. ఆ వేధశాలలో పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకు హైదరాబాదులోనే పెరిగాడు. 1949లో హార్వర్డులో చదువుతూ ఒక ఫోటో పలక మీద కొత్త తోకచుక్కను గుర్తుపట్టాడు. ఆయన వేణు బప్పు. ఒక నవాబు సరదాగా పెట్టుకున్న గది ఎంతమందిని పెంచిందో చూడు. నీ వంశానికి దండం.

ఇప్పుడు నీ అసలు మహిమకు వస్తాను. టెలిస్కోపును కారులో వేసుకుని ఊరి బయటికి పోవచ్చు. చాలామంది పోతారు. కాళ్లు విప్పి నిలబెట్టి, మట్టం చూసి, ధ్రువానికి గురిపెట్టి, తీగలు కలిపి, ఫోకస్ పట్టేసరికి రాత్రి మొదటి జాము అయిపోతుంది. తెల్లారేలోగా అన్నీ విప్పి సర్దాలి. మళ్లీ వెళ్లినప్పుడు కెమెరా కోణం మారిపోయి ఉంటుంది. నీలో ఆ బాధ లేదు. ధ్రువానికి ఒకసారి గురిపెట్టిన ఇరుసు నెలల తరబడి అలాగే ఉంటుంది. నిన్న వదిలిన చోటే ఇవాళ అందుకోవచ్చు. నిన్నటి వెలుగు మీద ఇవాళ్టి వెలుగును పేర్చవచ్చు.

ఈ పేర్పులోనే ఉంది విద్యంతా. ఒక్క ఫోటోలో వెలుగు కొంచెం, మచ్చలూ రవ్వలూ బోలెడు. కానీ వెలుగు ప్రతిసారీ ఒకే చోట పడుతుంది, రవ్వలు తలో చోట పడతాయి. వందల ఫోటోలు ఒకదానిమీద ఒకటి వేసి సగటు తీస్తే వెలుగు నిలుస్తుంది, రవ్వలు కొట్టుకుపోతాయి. దీనికొక కఠినమైన లెక్క ఉంది. ఒక గంట వెలుగుకన్నా నాలుగు గంటల వెలుగులో రవ్వలు సగమవుతాయి. ఇంకో సగం తగ్గాలంటే పదహారు గంటలు కావాలి. మెరుగు రెట్టింపు కావడానికి ఓపిక నాలుగింతలు కావాలి. తిరుమల కొండకని పసుపు గుడ్డలో రూపాయి రూపాయి వేసి మూటగట్టిన ముడుపు లాంటిది ఈ కూడిక. ఎవరూ అందులోంచి తీయకూడదు, ఏ రోజు వేసిన రూపాయీ చిన్నది కాదు. సోమవారం రెండు గంటలు, బుధవారం మబ్బుల సందున నలభై నిమిషాలు, మళ్లీ అమావాస్య వెళ్లాక మూడు గంటలు. ఏ ఒక్క రాత్రీ చూపలేని రంగు రాత్రులన్నీ కలిస్తే చూపుతుంది. కదలకుండా ఉండడమే నీ బలం. కదలకుండా ఉన్నావు కాబట్టే రాత్రులు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయి.

ఇంకో గుణం కూడా నీ దగ్గరే నేర్చుకోవాలి. టెలిస్కోపుకు మూత బిగించి, ఏ వెలుగూ రాకుండా, అదే వేడిమిలో, అంతే సేపు కెమెరా చేత చీకటి ఫోటోలు తీయిస్తారు. వాటిలో పడేది కెమెరా సొంత తప్పు. తెల్లవారే ముందు గొట్టం మూతికి తెల్లటి పంచె గుడ్డ బిగించి వెలుగు ఫోటోలు తీయిస్తారు. వాటిలో పడేది గాజు మీది దుమ్ము, అంచుల మసక. నక్షత్రాల ఫోటోలోంచి ఈ తప్పులను లెక్క ప్రకారం తీసేస్తారు. ముందు తనలో ఉన్న చీకటి ఎంతో కొలుచుకుని, అది తీసేసి, మిగిలినదాన్నే లోకం అనడం. ఎదుటివాణ్ణి చూసేటప్పుడు మనం చేయని పని. తన నీడను తానే తగ్గించుకునే కన్నా, నీకు దండం.

నీ పంచాంగం వేరు. ఇంట్లో అమావాస్య రోజు ఏ పనీ మొదలుపెట్టరు. నీకు అమావాస్యే పండుగ. కార్తిక పౌర్ణమికి ఇల్లంతా దీపాలు పెట్టుకుంటుంటే, చంద్రుడు వెళ్లి కృత్తికల పక్కన నిండుగా కూర్చుంటాడు. మన పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే ఆ గుంపు ఆ వెన్నెల్లో కొట్టుకుపోతుంది. పది రోజులాగితే కోడి మళ్లీ పిల్లల్ని వెంటేసుకుని కనిపిస్తుంది, చుట్టూ ఉన్న నీలి పొగ కూడా కెమెరాకు చిక్కుతుంది.

రైతు కార్తెలు లెక్కపెడతాడు. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే ఆ కార్తె. సూర్యుడు కూర్చున్న నక్షత్రం ఎవరికీ కనబడదు. రోళ్లు పగిలే ఎండల్లో రోహిణి మాయమవుతుంది. ఏరువాకకు నాగళ్లు కదిలే వేళ మృగశిర మాయమవుతుంది, ఆ తర్వాత ఆర్ద్ర. రైతుకు ఏ చుక్క మరుగైతే అది పని మొదలుపెట్టే గుర్తు, నీకు అదే ఆర్నెల్లు ఆగి అందుకోవలసిన చుక్క. జూన్లో హైదరాబాదులో మృగశిర పేరు చెప్పి చేపలు కొంటారు. ఆ మృగశిర నడిరాత్రి నడినెత్తికి వచ్చేది డిసెంబరులో. మధ్యలో వాన. వాన రైతుకు కావాలి, కాబట్టి నీకు అలిగే హక్కు లేదు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా నీ కప్పు జరగదు. ఆ నాలుగు నెలలు నీకు కాపలా కాలం. గాజుకు బూజు పట్టకుండా సిలికా జెల్ సంచులు మారుస్తారు, పెట్టెలో చిన్న బల్బు వెలిగించి తేమను తరుముతారు. కోస్తాలో ఉప్పుగాలి బోల్టులను తినకుండా గ్రీజు పూస్తారు. ఉరుము వినగానే తీగలన్నీ పీకేస్తారు. మోటారు డబ్బాలో బల్లి గుడ్లు పెడుతుంది. చానల్ మూల కందిరీగలు మట్టిగూడు కడతాయి. ఉడతలు కేబుళ్లు కొరుకుతాయి. కొండముచ్చు ఒకటి వచ్చి కప్పు మీద కూర్చుని అరటి తొక్క వదిలిపోతుంది. నువ్వు అన్నిటికీ చోటిస్తావు. విజయదశమి వెళ్లి, తుపాన్ల భయం తీరి, ఉత్తరపు గాలి పొడిగా వీచే తొలి రాత్రి చక్రాలకు నూనె పోసి నిన్ను తెరుస్తారు. పగలంతా ఎండ తాగిన శ్లాబు పొద్దుపోయేదాకా వేడి కక్కుతూనే ఉంటుంది. దాని సెగకు నక్షత్రాలు ఉడుకుతాయి. మేడంతా తెల్ల సున్నం కొట్టినవాడు ఒక గంట ముందే పని మొదలుపెడతాడు. సంక్రాంతికి భోగిమంటల పొగ, దీపావళికి టపాకాయల పొగ. ఏడాదిలో పూర్తిగా నీదైన రాత్రులు ఎన్నో ఉండవు. ఉన్నవాటిని పోనివ్వని గదీ, నీకు దండం.

నీ పాట్లలో పెద్దది చీకటి లేకపోవడం. జాన్ బోర్టల్ అనే అమెరికన్ పరిశీలకుడు 2001లో రాత్రి ఆకాశానికి ఒకటి నుంచి తొమ్మిది దాకా మెట్లు కట్టాడు. ఒకటో మెట్టు మీద పాలపుంత కాంతికి నేల మీద నీడ పడుతుంది. తొమ్మిదో మెట్టు మీద వేళ్ల మీద లెక్కపెట్టే చుక్కలే మిగులుతాయి. మన నగరాలు చివరి మెట్ల మీద ఉన్నాయి. పాలపుంతను ఎన్నడూ చూడని పిల్లలు పదో తరగతి పరీక్షలో దాని బొమ్మ గీస్తున్నారు. అక్కడే హైడ్రోజన్ ఎరుపు మళ్లీ ఆదుకుంటుంది. కొద్ది నానోమీటర్ల వెడల్పు మాత్రమే దాటనిచ్చే ఫిల్టర్ వీధిదీపాల వెలుగును చాలామటుకు గుమ్మంలోనే ఆపేస్తుంది. నగరం నడిబొడ్డున, వెన్నెల రాత్రి కూడా, మృగశిర కింద మండే ఒరాయన్ మబ్బు దాని ముందు దాగలేదు. గెలాక్సీలు మాత్రం ఈ వడపోతకు లొంగవు. వాటి వెలుగు అన్ని రంగుల కలగలుపు. వాటికి పల్లె చీకటే కావాలి, ఊళ్లో తాతల నాటి ఇల్లు ఉన్నవాడి అదృష్టం కావాలి. ఎదుటి ఇంటివారిని బతిమాలి వాళ్ల గేటు దీపానికి పైన రేకు టోపీ పెట్టించడమూ ఖగోళశాస్త్రమే. దీపం ఆర్పమని ఎవరూ అనలేదు, నేల మీదికి తిప్పమన్నారంతే.

నిన్ను ఓర్చుకున్నవాళ్లకూ దండం పెట్టాలి. "వడియాలు ఇంక ఎక్కడ పెట్టుకోనురా?" అని అమ్మ గొణిగింది. చివరికి చెక్కల నేలకు ఎండ తగిలే పక్కన తానే చీర పరిచింది. అర్ధరాత్రి కరెంటు పోతే ఇన్వర్టరులో మిగిలింది ఫ్యానుకా, మౌంటుకా అనే తగువు ప్రతి వేసవిలోనూ వస్తుంది. ఒక సాయంత్రం పక్కవీధి పిల్లలు వరుసగా మెట్లెక్కి వస్తారు. కెమెరా తీసి కటకం పెట్టి శనిగ్రహాన్ని చూపిస్తే, ఉంగరం కనబడ్డ పిల్ల ముందుకొచ్చి గొట్టం చివర బొమ్మ అంటించారేమోనని వేలితో తడిమి చూస్తుంది. ఆ అనుమానం శాస్త్రానికి మంచిదే.

చిన్నగదని నిన్ను లోకం తీసిపారేయలేదు. 2016 సెప్టెంబరు 20న అర్జెంటీనాలోని రొసారియో పట్టణంలో, ఇంటి మేడ మీద సొంతంగా కట్టుకున్న వేధశాలలో విక్టర్ బూసో కొత్త కెమెరాను పరీక్షిస్తున్నాడు. వృత్తికి తాళాలు బాగుచేసే మనిషి. గురిపెట్టినది సుమారు 8 కోట్ల కాంతి సంవత్సరాల దూరపు ఒక గెలాక్సీకి. వరుస ఫోటోల్లో మొదట లేని చుక్క తర్వాతి వాటిలో కనబడింది, ఫోటో ఫోటోకూ ప్రకాశం పెంచుకుంది. ఒక నక్షత్రం పేలుతున్న తొలి ఘడియలు అవి. లోపలి పేలుడు ధాటి నక్షత్రం పైపొరను చీల్చుకు వచ్చే క్షణం. పెద్ద వేధశాలలు ఏళ్లుగా కాచుకున్న దృశ్యం ఒక తాళాలాయన మేడ మీద పడింది. ఆండ్రోమెడా గెలాక్సీ మనకు అతి పరిచితమని, శతాబ్దం పైగా ఫోటోలు తీసి తీసి అందులో ఇంక కొత్తేమీ లేదని అనుకుంటున్న రోజుల్లో, డ్రెక్స్‌లర్, స్ట్రాట్నర్, సెంటీ అనే ముగ్గురు ఔత్సాహికులు ఆక్సిజన్ రంగును పట్టే ఫిల్టర్‌తో రాత్రుల తరబడి వెలుగు కూడబెట్టారు. గెలాక్సీ పక్కనే, అంతవరకూ ఎవరూ చూడని పెద్ద వెలుగు చాపం బయటపడింది. 2023లో ఆ సంగతి లోకానికి తెలిసింది. పెద్ద టెలిస్కోపులకు అద్దం పెద్దది, ఒక్కొక్కరికి దొరికే సమయం చిన్నది. నీకు అద్దం చిన్నది, సమయం మాత్రం ఎంత కావాలంటే అంత. ఒకే మూలను వంద గంటలు చూస్తానంటే నిన్ను అడ్డుకునేవాడు లేడు.

ఇక ఫలశ్రుతి.

ఈ గదిని కట్టుకున్నవారికి క్యాలెండరు చూడకుండానే చంద్రుడి తిథి తెలుస్తుంది. ఏ మబ్బు కురుస్తుందో, ఏది ఊరికే పోతుందో తెలుస్తుంది. ఇంటి పిల్లర్లు ఎక్కడున్నాయో తెలుస్తుంది. పక్కింటివారి పేర్లు తెలుస్తాయి, ఎందుకంటే వాళ్ల దీపాల కోసం వాళ్లను ఒకసారైనా పలకరించక తప్పదు. రెండు మూడేళ్లలో గోడకు తగిలించుకోవడానికి ఒక ఫోటో వస్తుంది. హబుల్ టెలిస్కోపు తీసినదాని ముందు అది నిలవదు. అయినా అందులో ప్రతి చుక్కా తమ మేడ మీదికి దిగిన వెలుగే. కట్టినవారికి నిద్ర తగ్గుతుంది, వాదన తగ్గుతుంది, తొందర తగ్గుతుంది. పదహారు గంటలు కావలసిన పనికి పదహారు గంటలే పడతాయని ఒంటికి తెలుస్తుంది. జగ్గారావుకు నరసింగరావు దొరికినట్టు, వారి తర్వాత చక్రాలకు నూనె పోసే చెయ్యి ఇంట్లో ఒకటి దొరకవచ్చు. రేపు మబ్బు పట్టినా ఫలం తగ్గదు. ఇప్పటిదాకా పోగైన గంటలు అలాగే ఉంటాయి, ఎల్లుండి రాత్రి వాటికి మరో రెండు గంటలు కలుస్తాయి.